చిక్కుడు విత్తనమునకు తొలికాయ

చిక్కుడు లేతకాయలన్నీ కూరకు కోసి, చివర మిగిలినవే విత్తనానికి ఉంచు అలవాటు మానుట మేలని మా అభిప్రాయము. అవి మంచి తీగవో, తెగులు తీగవో అప్పుడు తెలియదు.

చిక్కుడు పూవు చాలవరకు తన పుప్పొడితోనే కాయకట్టును. అయినను తుమ్మెదలు పక్క రకపు పుప్పొడిని తెచ్చుట కలదు. ఆ సంకరము ఈ యేటి కాయలో కనబడదు. మరుసటి యేటి మొక్కలో బయటపడును. కనుక రెండు రకములను ఒకే పందిరికి పాకింపరాదు.

ఆకులపై పసుపు మచ్చలు వచ్చిన మొక్కను వెంటనే పెరికివేయవలెను. ఆ తెగులును తెల్లదోమ పొరుగు మొక్కలకు చేర్చును. కాయలపై గుంటపడిన నల్లమచ్చలున్న తీగ గింజను దాచరాదు; ఆ తెగులు గింజ వెంట మరుసటి పంటకు వచ్చును.

పూతనాడే రకపు గుణములు గల ఆరోగ్యమైన తీగలకు గుడ్డపీలిక కట్టి, వాటి తొలికాయలను ముదరనీయుడు. నాలుగు పూటల కూర తగ్గినను, పెద్దలిచ్చిన విత్తు మీ ఇంట నిలుచును.