శిశుసంరక్షణము: పసిబిడ్డల తామర

బిడ్డకు మూడవ నెల వచ్చుసరికి బుగ్గలు ఎఱ్ఱనై, పొట్టు రేగి, చెమ్మ యూరుచుండుట కొన్ని యిండ్లలో చూచుచుందుము. రెండేండ్లు దాటిన పిల్లలకు మోచేతుల మడతలందును, మోకాళ్ల వెనుకను చర్మము గరుకై, రాత్రి నిద్ర పట్టనీయని దురద పుట్టును. వైద్యులు దీనిని ఎగ్జిమా యందురు. మనవారు తామర యందురు. కొందఱు గజ్జి యనియు పిలుతురు. చిక్కంతయు నీ పేరులోనే యున్నది.

ఏలయన, బూజువలన పుట్టి వలయములుగా వ్యాపించు వ్యాధిని గూడ మనము తామర యనియే యందుము. అది అంటుకొనునది, గజ్జియు అంటునదే. ఎగ్జిమా అంటదు. చర్మము తేమను నిలుపుకొనలేకపోవుట దీని లక్షణము. ఉబ్బసము గల కుటుంబములలో తఱచుగా కానవచ్చును. కావున అట్టి బిడ్డను ఎత్తుకొనుటకు ఎవరును జంకనక్కఱలేదు. (ఈ మాట అత్తగారికిని చదివి వినిపింపుడు.) "తామరకు మందిమ్ము" అని అంగడిలో నడిగినచో, స్టెరాయిడును బూజుమందును కలిపిన ట్యూబును చేతిలో పెట్టుట కలదు. మొదట ఎఱుపు తగ్గును. వాడగా వాడగా పసిచర్మము పలుచబడును. వ్యాధి బూజుదే యైనచో మఱింత వ్యాపించును. 2018లో కేంద్రప్రభుత్వము పలు స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసినది. అట్లని వైద్యుడు వ్రాసియిచ్చిన దానికి భయపడి మానుటయు తగదు. ఆయన చెప్పిన చోట, చెప్పినన్ని దినములు పూయవలెను.

ఇక స్నానము. మిక్కిలి వేడినీళ్లు, సున్నిపిండితో రుద్దుట, సాంబ్రాణి పొగ: ఇతర బిడ్డ లోర్చుకొందురేమో గాని, ఈ బిడ్డకు మూడును శత్రువులే. గోరువెచ్చని నీటితో అయిదు పది నిముషములలో ముగించి, మెత్తని బట్టతో నద్ది, ఒడలు చెమ్మగా నుండగనే తేమను నిలుపు లేపనమును దట్టముగా పూయవలెను. ఖరీదైన సీసాలక్కఱలేదు, వాసన లేని తెల్ల వేజలైను చాలును. దినమునకు రెండుసార్లు, ఎఱుపు లేనినాడు గూడ పూయుడు. గోళ్లు పొట్టిగా కత్తిరింపుడు.

మన విశాఖపట్టణమున వేసవి యుక్క వేఱొక బాధ. చెమట దురదను హెచ్చించును. నూలుచొక్కా తడిసిన వెంటనే మార్చుడు. అప్పుడు వేజలైను జిడ్డనిపించినచో పలుచని క్రీము మేలు. సముద్రపుటొడ్డున ఆడి వచ్చిన పిల్లల యొంటి ఉప్పును, ఇసుకను మంచినీటితో కడిగివేయుడు. ఓడరేవు చెంత నివసించువారు ఇంట చేరు ధూళిని చీపురుతో లేపక తడిగుడ్డతో తుడువవలెను.

పాలిచ్చు తల్లిచేత గ్రుడ్డు, చేప, వేరుసెనగ, వంకాయ మాన్పించుట మన యిండ్లలో మొదటి చికిత్స! వైద్యుడు పరీక్షించి చెప్పనిదే ఏదియు మానరాదు. తఱచు తల్లి నీరసించుటయే గాని బిడ్డ దురద తగ్గదు.

పుండ్లపై పసుపుపచ్చని పెచ్చు, చీము, జ్వరము గాని, గుంపులుగా చిన్న బొబ్బలు గాని కానవచ్చినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. 1923లో స్థాపితమైన ఆంధ్ర వైద్యకళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగము కలదు. పోవునపుడు ఇంతకుముందు పూసిన ట్యూబులన్నిటిని, ఖాళీవైనను, వెంట గొనిపోయి వైద్యునకు చూపుడు.