ఆ 45 ఎందుకు?

ఒకరోజు రాత్రి రెండింటికి ఒక కాన్ఫిగరేషన్ ఫైల్ తెరిచి కూచున్నాను. ప్రోగ్రాం ఎలా నడవాలో చెప్పే సెట్టింగుల చిట్టా అది. అందులో ఒక లైను: టైమవుట్, 45. పైన ఇంగ్లీషులో కామెంట్: టైమవుట్ 45 సెకన్లు, ముట్టుకోవద్దు. మొదటి ముక్క నాకు కనబడుతున్నదే. రెండోది బెదిరింపు. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పకుండానే రాసినాయన ఉద్యోగం మారిపోయాడు. సైట్ నెమ్మదిగా ఉందని అవతల ఒకటే గోల. 45ని 10 చేసి పడుకున్నాను.

తెల్లారేసరికి కొందరి ఖాతాల్లో డబ్బు రెండుసార్లు కట్ అయింది. నెల మొదట్లో అవతలి బ్యాంకు జవాబివ్వడానికి అరనిమిషం పైనే పడుతుందట. మా ప్రోగ్రాం పదో సెకనుకే విసుగెత్తి అదే చెల్లింపు మళ్ళీ పంపింది. రెండోది డూప్లికేటని గుర్తుపట్టే ఏర్పాటు లేకపోవడం ఇంకో పాపం. మార్చింది నేనే, తప్పు నాదే. కానీ "తగ్గిస్తే డబ్బు రెండుసార్లు పోతుంది" అని ఒక్క ముక్క ఉండుంటే నా చెయ్యి ఆగేది.

మంచి కోడ్‌కి కామెంట్లు అక్కర్లేదు, అదే మాట్లాడుతుంది అనేవాళ్ళతో నా పేచీ ఇక్కడే. ఫంక్షన్‌కి మంచి పేరు పెడితే ఏం చేస్తుందో తెలియొచ్చు. అంకె ఏం మాట్లాడుతుంది? 45 వెనక ఎవరిదో ఒక చేదు అనుభవం ఉంది, అది అంకెలో కనబడదు. కారణం గిట్ హిస్టరీలో ఉంటుందిగా అంటారు. ఉంటే ఉండొచ్చు, ఆ రాత్రి సర్వర్ మీద నా ముందున్నది ఫైలొక్కటే. కామెంట్లు పాతబడి అబద్ధాలవుతాయి అంటారు. నిజమే. మందుసీసా మీద లేబుల్ తప్పైతే దాన్ని సరిచేస్తాం గానీ, లేబుళ్ళే వద్దనం కదా!

జేసన్‌లో అసలు కామెంట్లకి చోటే లేదు. జనం వాటిలో పార్సర్లకి ఆదేశాలు ఇరికిస్తున్నారని, అందుకే తీసేశానని డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2012లో చెప్పాడు. డేటా పంపుకోడానికి అది సబబే. దాన్ని తెచ్చి మనుషులు చేత్తో దిద్దే ఫైళ్ళకి వాడుకోవడం మాత్రం మన నిర్వాకం.

బాగా రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే రెడిస్‌తో వచ్చే కాన్ఫిగరేషన్ ఫైల్ తెరవండి. సెట్టింగులకంటే కామెంట్లే ఎక్కువ. డేటాని డిస్కు మీదకి ఎప్పుడెప్పుడు చేర్చాలి అనే చోట మూడు దారులు చూపించి, ఏది వేగమో, ఏది భద్రమో, ఏది మధ్యేమార్గమో చెప్పి, ఎటూ తేలకపోతే సెకనుకోసారి అన్నది పెట్టుకోమంటుంది. పక్కన కూచుని ఒక పెద్దమనిషి చెబుతున్నట్టుంటుంది. నా దృష్టిలో అది మంచి వచనం.

కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. మనం చేసేది సరిగ్గా తలకిందులు. 45 పక్కన 45 అని రాస్తాం, కారణం మింగేస్తాం. కథలో ఒక మాట ఎక్కువైందని గంటలకొద్దీ వాదించుకునే మనలో చాలామంది పగలంతా ఈ ఫైళ్ళతోనే బతుకుతాం. అక్కడికొచ్చేసరికి ఆ శ్రద్ధంతా ఏమైపోతుంది?

ఆ అంకెని మళ్ళీ 45 చేశాను. ముట్టుకోవద్దు అన్నది కొట్టేసి, బ్యాంకు సంగతీ, డబ్బు సంగతీ రెండు లైన్లలో రాశాను. పావుగంట పట్టింది.