ఆపరేషన్ ఆమెకేనా?

కోలారు: రెండో కాన్పు అయితే చాలు, పల్లెల్లో వినబడే మాట ఒకటే.. 'ఆపరేషన్ అయిపోయిందా?' అని. ఆ ప్రశ్న భార్యకే గానీ భర్తకు కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం తాలూకాల్లోని తెలుగు కుటుంబాల్లోనూ ఇదే తంతు.

చిన్న కుటుంబం అనే మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. కోలారు భాగంగా ఉన్న నాటి మైసూరు సంస్థానం 1930లోనే సర్కారు తరఫున సంతాన నియంత్రణ కేంద్రాలు తెరిచింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో ఒక్కో మహిళకు సగటున పిల్లలు 1.7 మందే. అంటే ఎంతమంది కావాలన్న దానిపై పేచీ లేదు. కత్తి ఎవరికి అన్నదే అసలు సంగతి.

అదే సర్వేలో కర్ణాటకలోని వివాహిత మహిళల్లో 57 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నట్లు తేలింది. వేసెక్టమీ మాత్రం దాదాపు సున్నా. సరిహద్దు దాటి ఆంధ్రాకు వెళ్లినా తేడా లేదు. అక్కడ ఆడవాళ్లు దాదాపు 70 శాతం, మగవాళ్లు అర శాతం కూడా లేరు.

భయం ఎందుకు?

'మగాడు ఆపరేషన్ చేయించుకుంటే బరువులు మోయలేడు, సంసారానికి పనికిరాడు' అనేది పాత అపోహ. ఎమర్జెన్సీ కాలంలో బలవంతపు ఆపరేషన్లు ఆ భయాన్ని మరింత పెంచాయి. నిజానికి కోత, కుట్లు లేని వేసెక్టమీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మత్తు అక్కడి వరకే. మగతనం తగ్గదు. కొద్దిరోజులు బరువు పనులు మానితే చాలు. తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకోవాలి. ట్యూబెక్టమీలో మాత్రం పొట్ట తెరవాల్సిందే. రాష్ట్రంలో దాదాపు సగం మంది ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారన్నది మరువరాదు.

ఎడం మాటేమిటి?

పెళ్లయిన ఏడాదికే ఒక బిడ్డ, ఆ వెంటే మరొకరు, ఆపై ఆపరేషన్.. చాలా ఇళ్లలో ఇదే వరస. మధ్యలో ఎడం కోసం కాపర్-టి, మాత్రలు ఉన్నాయి. మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజెక్షన్, 'ఛాయ' మాత్రలను కేంద్రం 2017లో ప్రారంభించింది. కాపర్-టి లోపలికి వెళ్లిపోతుందని, ఇంజెక్షన్‌తో పిల్లలు పుట్టరని పుకార్లు. ఇంజెక్షన్ ఆపాక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, అంతే.

ఆశా కార్యకర్త ఇంటికొస్తే మాట్లాడేది కోడలితో, అత్తతో. ఆ వేళకు భర్త తోటలోనో, టమాటా మండీలోనో ఉంటాడు. ఆ మాట అతని చెవిన పడనంత కాలం నిర్ణయం ఇంటిదే అయినా నొప్పి మాత్రం ఆమెదే.