బాలింత దగ్గర ఆ మాట అనకండి

కాన్పయిన రెండో రాత్రి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. మంచం చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు అంటారు, "పాలు చాలట్లేదమ్మా!" అని. మంచి మనసుతోనే అంటారు. తండ్రి పరుగున మెట్లు దిగి మందుల షాపుకు వెళతాడు. డబ్బా వస్తుంది. బిడ్డ తాగి నిద్రపోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. ముప్పు అక్కడే మొదలవుతుంది.

బిడ్డ చీకితేనే పాలు ఊరతాయి. పోతపాలతో కడుపు నిండిన బిడ్డ చీకదు. చీకకపోతే ఉన్న పాలూ తగ్గుతాయి. నాలుగు రోజులకు మనమన్న మాటే నిజమై కూర్చుంటుంది.

తొలిరోజు బిడ్డకు ఒక్కోసారి కావలసింది చెంచాడు ముర్రుపాలే. పాలు నిండుగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆపరేషనైతే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 61 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 ఆపరేషన్లే. కుట్ల నొప్పితో పక్కకు ఒత్తిగిలలేని తల్లికి బిడ్డను ఎత్తి రొమ్ముకు ఆనించి పట్టుకునే మనిషి కావాలి. చాలాసార్లు కరువయ్యేది పాలు కాదు, ఆ మనిషే.

పథ్యం పేరు చెప్పి బాలింతకు రెండు ముద్దల కారప్పొడి అన్నం, కొలిచి పోసే నీళ్లు! దయచేసి మానండి. అర్ధరాత్రి పాలిస్తుంటే ఆమెకు గొంతెండిపోతుంది. పక్కన చెంబెడు నీళ్లుంచండి. పప్పు, కూర, గుడ్డు కడుపునిండా పెట్టండి. బిడ్డ నోట్లో మాత్రం తేనె, ఆముదం, పంచదార నీళ్లు పోయకండి. ఆరు నెలలదాకా మంచినీళ్లు కూడా వద్దు. ఎవరైనా పాలడబ్బా ఉచితంగా చేతిలో పెడితే తీసుకోకండి. అలా పంచడాన్ని 1992 నాటి చట్టమే నిషేధించింది.

బిడ్డ ఏడుపును చూసి బెంబేలు పడకండి, ఉచ్చ లెక్కపెట్టండి. ఐదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లైనా పోస్తుంటే పాలు అందుతున్నట్టే. అంతకు తగ్గినా, మగతగా పడి పాలకు లేవకపోయినా, కళ్లూ ఒళ్లూ పచ్చబడినా, రెండు వారాలకూ పుట్టినప్పటి బరువుకు రాకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి. పోతపాలు అవసరమని డాక్టరే చెబితే పట్టండి. అందులో తల్లి తప్పేమీ లేదు.

తల్లినీ గమనించండి. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాలివ్వడం ఆపనక్కర్లేదు. రెండు వారాలు దాటినా ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటుంటే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్రపట్టకపోతే "బాలింతలకు మామూలే" అని వదిలేయకండి. అది వైద్యం కావలసిన జబ్బు కావచ్చు.

పురిటి గదిలో మగవాళ్లకేం పని అంటూ తండ్రిని గుమ్మం బయటే ఉంచేస్తాం. అదీ పొరపాటే. నాయనా, ఈ రాత్రి బిడ్డ ఏడిస్తే ముందు నువ్వు లే. ఎత్తి ఆమె ఒడిలో పెట్టు. తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తీయించి పడుకోబెట్టు. ఆమెను ఓ గంట పడుకోనివ్వు.