రూర్కెలాలో తీరము దాటిన తుఫాను

తుఫానులు తెలుగువారికి క్రొత్త గావు. బంగాళాఖాతములో ఎక్కడనో పుట్టి, రెండు దినములు దిక్కు తోచక తిరిగి, తుదకు మచిలీపట్టణము కడనో కాకినాడ కడనో తీరము దాటి, కొబ్బరితోటలను పెల్లగించుకొని పోవుట వాని నైజము. కాని ఢిల్లీలో పుట్టి, హైదరాబాదు పేరు పెట్టుకొని, ఒడిశాలోని రూర్కెలాలో తీరము దాటిన తుఫానును మేము 2025వ సంవత్సరమున మొదటిసారి చూచితిమి. బంగాళాఖాతముతో దానికి సంబంధము లేకున్నను బంగాళపు పులులతో మాత్రము సంబంధము కలిగినది. ఆ పులులే దానిని మ్రింగినవి.

హైదరాబాదు తూఫాన్స్ అను హాకీ జట్టు సంగతి మేము వ్రాయుచున్నాము. ఆ జట్టునకు మేము భక్తులము. ఈ భక్తి ఎట్లు కలిగినదని మా మిత్రులు పలుమారు అడిగిరి. క్రికెట్టు జట్టునకు భక్తుడైన వానిని ఎవ్వరును కారణ మడుగరు; హాకీ జట్టునకు భక్తుడైన వానిని వైద్యుడు రోగిని చూచినట్లు చూచెదరు. దీనికి మేము అలవాటుపడితిమి.

2017 తరువాత మూతబడిన హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరు 28వ తేదీన రూర్కెలాలో మరల తెరువబడినది. పురుషుల జట్లు ఎనిమిది. అంతకుముందు అక్టోబరులో ఢిల్లీలో ఆటగాండ్ర వేలము జరిగినది. జట్టునకు 24 మంది. అందు విదేశీయులు 8 మంది. ఒక్కొక్క యజమాని 4 కోట్ల రూపాయలకు మించి వ్యయపెట్టరాదు. వేలమనగా మాకు తెలిసినది తాలూకా కచ్చేరీ యెదుట టముకు వేయించి జప్తు సొత్తును పాడుట. అందు సొత్తు గలవాడు ఏడ్చును, పాడుకొన్నవాడు నవ్వును. ఢిల్లీలో సొత్తే స్వయముగా నవ్వుచు ఛాయాచిత్రము తీయించుకొనుట చూచి కాలము మారినదని గ్రహించితిమి.

ఆ వేలములో మనవారు గొంజాలో పీలట్ అను వానిని 68 లక్షలకు కొనిరి. విదేశీయులలో అంతటి వెల మరియొకనికి పలుకలేదు. ఈ పీలట్ చరిత్ర కొంత విచారింపదగినది. ఇతడు అర్జెంటీనావాడు. 2016లో రియో ఒలింపిక్సున 11 గోలులు వేసి ఆ దేశమునకు స్వర్ణము తెచ్చెను. పిమ్మట జర్మనీవాడై, 2023 జనవరిలో భువనేశ్వరమున జర్మనీని ప్రపంచవిజేతను చేసెను. 2024 ఆగస్టులో పారిసు ఒలింపిక్సు సెమీఫైనలున జర్మనీ భారతమును 3-2 గోలులతో ఓడించినప్పుడు ఆ మూడింటిలో ఒకటి ఇతనిదే. ఆ రాత్రి మేము ఇతనిని గూర్చి పలికిన పలుకులు పత్రికలో అచ్చువేయదగినవి కావు. మూడు మాసములు తిరుగకుండగనే ఇతడు హైదరాబాదువాడైనాడు! ఆగస్టులో శపించినవానికి అక్టోబరులో హారతి పట్టవలసివచ్చినది. ఆ పారిసులోనే జర్మనీ గోలు కాచిన డానెబెర్గు కూడ మనకే వచ్చెను. విభీషణుడు వచ్చినప్పుడు శ్రీరాముడు వెల యెంతయని అడుగలేదు గాని, ఆనాడు వేలములు లేవు.

పీలట్ చేయు పని యేమో పాఠకులకు కొంత చెప్పవలెను. పెనాల్టీ కార్నరు అనునది హాకీలో ఒక యజ్ఞము వంటిది. దానికి విధి, క్రమము, ఋత్విక్కులు కలరు. గోలు గీతపై స్తంభమునకు కనీసము పది మీటర్ల దూరమున బంతి నుంచి ఒకడు త్రోయును. అర్ధవృత్తము వెలుపల నొకడు దానిని ఆపును. మూడవవాడు బంతిని కఱ్ఱ కంటించి ఈడ్చుకొనుచు విసరును. ఎదుటిపక్షమున గోలుకీపరు గాక నలుగురే కాచుదురు. ఆ నలుగురును ముఖములకు తొడుగులు వేసికొందురు. మా యింటి పెద్దలు టెలివిజనులో దీనిని చూచి, "వీరేమి దొంగతనమునకు పోవుచున్నారా?" యని అడిగిరి. పీలట్ విసరిన బంతికి ఎదురుగా పరుగెత్తువాడు దొంగ గాడు, మహాసాహసి యని మేము వివరించితిమి. అంతలో గోలు పడినది. వివరణ యెవ్వరును వినలేదు.

సెమీఫైనలున మనవారు సూర్మా జట్టును ఓడించిరి. ఆ రాత్రి మా కార్యాలయమున మిఠాయి పంచబడినదని మాత్రము వ్రాసి ముందునకు సాగెదము. 2025 ఫిబ్రవరి 1వ తేదీన రూర్కెలాలోని బిర్సా ముండా క్రీడారంగమున రాఢ్ బెంగాల్ టైగర్స్ జట్టుతో ఫైనలు. మన పీలట్ గోలు వేసెను. కాని మనము 68 లక్షలు పోసి కొన్న విద్య ఎదుటి పక్షమునను ఉండెను. జుగ్‌రాజ్ సింగు అను మన దేశపు యువకుడే పీలట్ విద్యను పీలట్ కన్నులయెదుట ప్రదర్శించి మూడు గోలులు వేసెను. అంతట న్యూజీలాండువాడగు సామ్ లేన్ 54వ నిమిషమున నాలుగవది వేసెను. ఆట 60 నిమిషములు. మిగిలిన ఆరు నిమిషములు మేము ఎట్లు గడపితిమో చెప్పనక్కరలేదు. 4-3. విజేతలకు 3 కోట్లు, మనవారికి 2 కోట్లు. ఒక్క గోలునకు ఒక కోటి యనుకొని కొంత ఊరట చెందబోతిమి గాని, ఆ కోటి మాది కాదు. మిగిలిన రెండు కోట్లును మావి కావు.

ఇక మా మనసులోని మాట. ఆ వేలము ఢిల్లీలో, ఆ ఫైనలు రూర్కెలాలో. ఆ యేడు మన జట్టు హైదరాబాదులో ఒక్క ఆటయు ఆడలేదు. పెండ్లికుమారునిది మన యింటిపేరు, పెండ్లి పొరుగూర, విందు పొరుగువారిది. మనకు దక్కినది దూరమునుండి అక్షతలు వేయుట. విశాఖపట్టణము గతి యింకను విచిత్రము. ఆ యేడు దాని పక్షమున ఆడిన జట్టు పేరు గోనాసిక. గోనాసిక యనగా ఒడిశాలో వైతరణీనది పుట్టుచోటు! విశాఖవారికి సింహాచలమును గాని కైలాసగిరిని గాని తలచువారు లేకపోయిరి.

రూర్కెలాపై మాకు అసూయ లేదు. అది సుందర్‌గఢ్ జిల్లాలోనిది. అచ్చటి పల్లెలలో పిల్లలు వెదురుకఱ్ఱలతో ఆడి పెరుగుదురు. దిలీప్ టిర్కీ అక్కడివాడే, మన జట్టున ఆడిన అమన్‌దీప్ లాక్రా, శిలానంద్ లాక్రా అక్కడివారే. ఆటను ఆదరించినవారికి ఆట దక్కుట న్యాయము. కాని హైదరాబాదు హాకీ యెరుగని నగరము గాదు. మూడు ఒలింపిక్సులలో ఆడిన ముకేశ్ కుమార్ ఈ నగరమువాడు. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలలో భారతము పాకిస్తానును ఓడించి స్వర్ణము గెలిచినది ఈ నగరముననే. 2005లో ప్రీమియర్ హాకీ లీగు మొదటి యేడు ఆటలు గచ్చిబౌలిలో జరిగినవి; హైదరాబాదు సుల్తాన్స్ జట్టు విజేత యైనది. ఆనాడు మెట్లపై కూర్చుండి అరచిన బాలురు నేడు ఉద్యోగస్థులై, తమ పిల్లలను క్రికెట్టు శిక్షణకు పంపుచున్నారు. తప్పు వారిదని మేమనము. కంటికి కనబడని ఆటను పిల్లవాడు ఎట్లు కోరును?

చిత్తూరు జిల్లా పల్లెనుండి వచ్చిన రజని భారత మహిళల జట్టునకు గోలు కాచినది. ఆ యేడు మహిళలకు నాలుగు జట్లు ఏర్పడగా వానిలో హైదరాబాదు లేదు. ఆ యేటి లీగు నిబంధన ననుసరించి ఒక్కొక్క పురుషుల జట్టులో స్వదేశీయులైన చిన్నవయసువారు నలుగురు ఉండవలసియుండెను. ఆ నలుగురిలో ఇద్దరినైన తెలుగునాట వెదకి తీర్చిదిద్దుటకు 68 లక్షలలో ఎన్నవ వంతు చాలునో యజమానులే లెక్క వేసికొనవచ్చును. పీలట్ మాకు ప్రియుడే. కాని అతడు ఒకమారు దేశమునే మార్చినవాడు. నగరము మార్చుట అతనికి లెక్క గాదు.

కావున మేము కోరునది స్వల్పము. గచ్చిబౌలిలో ఐదు ఆటలు ఆడింపుడు. ఐదు కుదరనిచో మూడు. అదియు కుదరనిచో ఒక్కటి. ఆనాడు మేము మా యింటి పెద్దలతోడను, ఇరుగుపొరుగు పిల్లలతోడను వరుసలో నిలిచి మా సొంత సొమ్ముతో టిక్కెట్లు కొందుము. పత్రికలవారికి ఇచ్చు ఉచితపు టిక్కెట్టు అడుగబోము.