ట్యాబ్ మీట దాచుకున్న ఉస్తాద్

నా భాంజీ అనంతపురంలో ఒక డీటీపీ షాపులో పనిచేస్తుంది. పోయిన షాదీల సీజన్‌లో ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఫోటోషాప్‌లో షాదీ రుఖా చేస్తుంటే పక్కనున్న ప్యానెళ్లన్నీ గాయబ్. టూల్స్ లేవు, లేయర్లు లేవు, తెరమీద రుఖా ఒక్కటే మిగిలింది. ఉస్తాద్ వచ్చి "సిస్టమ్ ఖరాబ్ చేసినావ్" అని నలుగురి ముందూ అరిచాడు. ఆమెను పక్కకు లేపి, క్షణంలో సరిచేశాడు. ఏం చేశాడో చెప్పలేదు. ఆరోజు కూలి మాత్రం కోసేశాడు.

ఏం చేశాడో నేను చెప్తా. ట్యాబ్ మీట నొక్కాడు. బస్. అది ఒకసారి నొక్కితే ప్యానెళ్లు దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే తిరిగొస్తాయి. అవి చెల్లాచెదురైతే విండో మెనూలో వర్క్‌స్పేస్‌కు పోయి రీసెట్ నొక్కాలి. కోరల్‌డ్రాలో అయితే ప్రోగ్రాం మూసి, ఎఫ్8 పట్టుకొని మళ్లీ తెరవాలి. అప్పుడు మనం పెట్టుకున్న షార్ట్‌కట్లు కూడా పోతాయి కాబట్టి వర్క్‌స్పేస్‌ను ముందే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. ఇందులో దేనివల్లా సేవ్ చేసిన రుఖా పోదు. ఖరాబ్ అయింది సిస్టమ్ కాదు, ఆ పిల్ల ఇజ్జత్.

ఉస్తాదుల జవాబు నాకు తెలుసు. "మేం ఏళ్లకేళ్లు చాయ్‌లు మోసి నేర్చుకున్నాం. ముఫ్త్‌గా చెప్తే రేపు మా పక్కనే షాపు పెడతారు." ఆ భయం ఝూటా అనను. కానీ భాయీ, నీ రోజీ ట్యాబ్ మీటలో ఉందా? ఇన్‌పేజ్‌లో నస్తాలీఖ్ లైను ఎక్కడ విరగాలో, దుల్హన్ పేరులో ఏ నుఖ్తా తప్పితే పేరే మారిపోతుందో, తెరమీద మెరిసే రంగు కాగితం మీద ఎందుకు మసకబారుతుందో తెలియడం, అదీ హునర్. దాన్ని ఎవరూ ఒక్కరోజులో ఎత్తుకుపోలేరు.

పైగా దాచడంలో నీకే నుక్సాన్ ఉంది. తిట్లకు భయపడే షాగిర్ద్ తన గల్తీ నోరు విప్పి చెప్పదు. వలీమా తారీఖు తప్పు పడిందని తెలిసినా గమ్మునుంటుంది. ఐదొందల కార్డులు అచ్చయ్యాక ఆ ఖర్చు ఎవరిది?

ఇది ఏడాదికి సరాసరి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. శెనక్కాయ పంట ఎండితే సగం ఊరు బెంగళూరు బస్సెక్కుతుంది. అలాంటిచోట ఇంటి దగ్గరే ఉండి నాలుగు రూపాయలు తెచ్చుకునే పని ఒక ఆడపిల్లకు దొరకడం చిన్న మాట కాదు. కరువు సీమలో బావికి తాళం వేసినవాణ్ణి ఏమంటాం? పని నేర్పుతానని పిల్లను తీసుకుంటే ఆ ఇల్మ్ నీ దగ్గర అమానత్. దాచితే ఖయానత్.

అమ్మీలూ, అబ్బాలూ, పిల్లల్ని షాపులో పెట్టేటప్పుడు జీతం ఎంత అని ఒక్కటే అడగొద్దు. ఏమేం నేర్పుతావు, ఎన్ని నెలల్లో నేర్పుతావు అని కూడా అడగండి. జవాబు చెప్పలేనివాడికి కావాల్సింది షాగిర్ద్ కాదు, చాయ్ తెచ్చే మనిషి.

నా భాంజీ ఆ మూడు ఉపాయాలూ చీటీ మీద రాసి మానిటర్ పక్కన అంటించింది. కొత్తగా చేరిన పిల్లోడు దాన్ని చూసే పనిచేసుకుంటున్నాడు. షాపు మూతపడలేదు, ఉస్తాద్ రోజీ తగ్గలేదు. ఆరోజు కూలి మాత్రం ఇంకా బాకీ ఉంది.