కార్తీకంలో గాలం పాపమా?

"కార్తీకమాసంలో చేపలు పట్టడమేంట్రా, పాపం!" మన బెంగళూరు ఇళ్ళల్లో పిల్లలు గాలం కర్ర బయటికి తీస్తే చాలు, పెద్దవాళ్ళ నోటివెంట ఈ మాటే. మాంసం, చేపలు మానేసే నెల కాబట్టి అంటారు, సరే. కానీ వీళ్ళు తినడానికి పట్టట్లేదు కదా! దారం, ఈక చుట్టి పురుగులా కట్టిన ఎర, ముల్లు నొక్కేసిన గాలం. వానలు తగ్గి నీళ్ళు తేటపడ్డాక చిన్న వాగుల్లో పరిగెలు పట్టి, తడిచేత్తో తీసి వదిలేస్తారు. చేపకి ఏమీ కాదని నేను అనను. కానీ పాపం లెక్క అక్కడ మొదలవదు.

వృషభావతి దగ్గర మొదలవుతుంది. మన బసవనగుడిలో పుట్టిన ఏరది. దాన్ని మురుగుకాల్వ చేసింది గాలం వేసినవాళ్ళా? మన బాత్రూముల నీళ్ళు, ఫ్యాక్టరీల నీళ్ళు మోసుకుపోయి అర్కావతిలో కలుస్తుంది, అర్కావతి సంగమ దగ్గర కావేరిలో. మనమేమో ఉపవాసముండి, థర్మాకోల్ దొప్పలో దీపం పెట్టి చెరువులో వదిలి ఫోటోలు పంపుకుంటాం. అరటిదొప్ప ఏమైందత్తయ్యా?

కావేరి మీద గాలిబోరె క్యాంపులో చేపల్ని పట్టి వదిలేసేవాళ్ళు ఏది దొరికిందో పుస్తకంలో రాసేవాళ్ళు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ లెక్కలు పరిశోధకులు తిరగేస్తే, మహసీర్లు మొత్తమ్మీద పెరిగాయి గానీ కావేరి సొంత మూపురం మహసీర్ మాత్రం కనుమరుగవుతోందని తేలింది. బయటినుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ దాని చోట్లో చేరింది. ఆ వదలడం వెనక గాలం సరదా కూడా ఉంది, దాచక్కర్లేదు. అయినా రాసిపెట్టింది వాళ్ళే. మూపురం మహసీర్ అంటే టార్ రెమాదేవీయే అని 2018లో తేల్చారు, అప్పటికే అది అంతరించే అంచున ఉంది. ఇక అభయారణ్యంలో గాలం వేట ఆపేశాక ఆ పుస్తకం కూడా మూతపడింది. నది బాగుపడిందా మరి?

అందుకని పిల్లల్ని ఆపకండి బాబాయ్. అభయారణ్యం హద్దుల్లోకి వెళ్ళకుండా, అనుమతి కావాల్సినచోట తీసుకుని వెళ్ళమనండి. ఏ వాగులో ఏ చేప దొరికింది, ఏ రోజు నురగ వచ్చింది, తేదీతో సహా రాయించండి. మొదటి పేజీలో మాత్రం మన అపార్ట్‌మెంట్ మురుగు ఎటు పోతోందో కనుక్కుని రాయమనండి. అసోసియేషన్ మీటింగులో అడిగే పని మీది.